చెమట సెలవు

నలభై ముగ్గురు మగవాళ్లు, ఎవరి చెమట వాళ్లు నీళ్ల సీసాల్లో పట్టుకుని, పొద్దున్నే గల్ఫులో, షువైఖ్ అనే చోట మా కంపెనీ ఆఫీసు ముందు వరుసలో నిలబడ్డారు. సీసాల మీద పేర్లున్నాయి, సివిల్ ఐడీ నంబర్లున్నాయి. దీనికంతటికీ కారణం నేను. నవ్వడానికి తొందరపడకండి. అసలు ముప్పు ఇంకా దూరంలో ఉంది.

నేను ఆ కంపెనీలో స్టోర్ కీపర్ని. గొట్టాలు, వాల్వులు, బోల్టులు నా లోకం. ఉండేది మంగఫ్‌లో, కంపెనీ క్యాంపులో. చేతికి దొరికిన పుస్తకమల్లా చదువుతానని నాకు కొంచెం పేరుంది. క్యాంపులో చదివేవాడి మీద జనానికి గౌరవం ఉంటుంది, జాలి కూడా ఉంటుంది. నాకు రెండూ దండిగా దొరికేవి.

రోజూ తెల్లవారుజామున మమ్మల్ని మంగఫ్ నుంచి షువైఖ్‌కు తీసుకెళ్లే బస్సు డ్రైవరు మస్తానన్న. రాయచోటి మనిషి. ఇరవై ఏళ్ల సర్వీసు, నెరిసిన గడ్డం, సోడాబుడ్డి కళ్లద్దాలు. మా కంపెనీలో నోటీసులు అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ గోడకు అంటిస్తారు. మావాళ్లు వాటి వంక చూడరు. అందుకని ఆఫీసువాళ్లు ఒక పద్ధతి పెట్టారు. కాగితం నాకిస్తారు, నేను దాని అర్థం మస్తానన్నకు చెబుతాను. బస్సు కదిలే ముందు ఆయన సీట్ల వైపు తిరిగి నిలబడి, గొంతు సవరించుకుని, ఎప్పుడూ ఒకే మాటతో మొదలుపెట్టేవాడు: "వినండప్పా, ఆఫీసు మాట."

ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా అది జరిగేది. రేపు బస్సు అరగంట ముందు అంటే అరగంట ముందే. శుక్రవారం నీళ్లు రావంటే చుక్క కూడా వచ్చేది కాదు. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేనే గుర్తుపెట్టుకోలేదు.

ఇక నా చేటుకాలం ఎలా దాపురించిందో చెబుతాను. కెనడా నుంచి ఒక ఇంజనీరు ఒక పని మీద వచ్చి ఎనిమిది నెలలుండి వెళ్లాడు. ఆయన పనిముట్లను నేను భద్రంగా చూసినందుకు, పోతూ పోతూ ఒక హార్డ్ డిస్కు చేతిలో పెట్టాడు. "చదివింది చాలు, కాస్త నవ్వు" అన్నాడు. అందులో వాళ్ల దేశపు పాత టీవీ హాస్య కార్యక్రమం ఉంది, నలభై ఏళ్ల పైనాటిది. దాని కథేమిటంటే, ఎక్కడో ఒక చిన్న ఊళ్లో ఒక బీద టీవీ స్టేషను ఉంటుంది. మనం చూసేదంతా ఆ స్టేషను వాళ్లు వేసే కార్యక్రమాలే. వార్తలు, ప్రకటనలు, సినిమాలు, పెద్దమనుషులతో ముఖాముఖీలు, అన్నీ ఉంటాయి. అన్నీ ఎక్కిరింపులే. గోడ ఊగుతుంటుంది, వార్తలు చదివేవాడు మాత్రం ప్రపంచం తన మీదే నిలబడినట్టు కూర్చుంటాడు. ఎవడూ నవ్వడు, కన్ను గీటడు. మనం మాత్రం మంచం మీద నుంచి కింద పడతాం.

శుక్రవారం మధ్యాహ్నాలు నేనూ మస్తానన్నా నా గదిలో కూర్చుని చూసేవాళ్లం. నేను ఆపి ఆపి తెలుగులో చెప్పేవాణ్ణి. ఆయన నవ్వు మూడు గదుల అవతలికి వినబడేది. ఒకరోజు పేరడీ అంటే ఏమిటో, సటైర్ అంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదివిందంతా అరగంట చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అంటే రమణా, మొదటిది మడిసిని ఎక్కిరించేది, రెండోది ఆ మడిసి కూచున్న కుర్చీని ఎక్కిరించేది. అంతేనా?" అన్నాడు.

అంతే. నా అరగంట అక్కడే పోయింది.

నాలుగు నెలలు చూశాక నాకు పూనకం వచ్చింది. మనమూ ఒక టీవీ స్టేషను పెడదాం అన్నాను. మంగఫ్ టీవీ. గోడకు నీలం దుప్పటి కట్టాం. అట్టపెట్టెలు కోసి అక్షరాలు చేశాం. ఇస్త్రీ బల్ల వార్తల బల్ల అయింది, టార్చిలైటుకు నల్ల సాక్సు తొడిగితే మైకు అయింది. నా పెళ్లినాటి టై మస్తానన్న మెడలో కట్టాను. బల్ల పైన చూస్తే ఆయన సాక్షాత్తూ వార్తాహరుడు, బల్ల కింద లుంగీ.

వాతావరణం నేనే చెప్పాను. "నేడు దుమ్ము. రేపు దుమ్ము. ఎల్లుండి గాలి మారి అవతలి వైపు నుంచి దుమ్ము." మా మెస్ పప్పుకు ఒక ప్రకటన తీశాం. "అడుగు కనబడే పప్పు! తినవచ్చు, తాగవచ్చు, అందులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు!" మా ఊళ్ల నుంచి మనుషుల్ని ఇక్కడికి పంపించే ఏజెంటుకు ఇంకొకటి. "ఏసీ గది, ఏసీ బస్సు, ఏసీ ఎండ."

ఇవన్నీ చిన్నవి. నాకు పెద్దది ఒకటి కావాలి. అది మేనేజరు అబూ సాలెం నోటి నుంచి దొరికింది. ఎవరు సెలవు అడగబోయినా ఆయన తన గల్ఫు హిందీలో ఒకే మాట అనేవాడు: "పెహలే పసీనా, బాద్ మే ఛుట్టీ." ముందు చెమట, తర్వాత సెలవు. ఆ వారంలో ఆ మాట తిన్నవాడు ఓబులేసు.

ఓబులేసు యార్డులో లోడింగు పనివాడు, లక్కిరెడ్డిపల్లె దగ్గరి మనిషి. చెల్లెలి కొడుక్కి పుట్టెంట్రుకలు తీయాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని తీయించాలి. ఉన్న ఒక్క మేనమామా ఇక్కడ గొట్టాలు మోస్తున్నాడు. రెండుసార్లు ముహూర్తం పెట్టి రెండుసార్లూ ఆపారు. పిల్లవాడికి మూడో ఏడు నిండబోతోంది. జుట్టు నడుము దాకా వచ్చింది. ఈ నెల దాటితే మళ్లీ రెండేళ్లు మంచిది కాదన్నారట. పది రోజుల సెలవు కావాలి. వచ్చింది ఆ మాటే.

దాంతో నేను వార్త రాశాను. మస్తానన్న కాగితం చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఎట్ల చదవాల దీన్ని?"

"బస్సులో చదివినట్టే చదువన్నా. అచ్చం అట్లే. నవ్వు రాకూడదు."

"మొదట్లో ఆ మాట కూడా పెట్టాల్నా?"

"పెట్టకపోతే మజా ఏముంది!"

ఇదిగో, నా జీవితంలో నేను నోరు మూసుకోవలసిన క్షణాల్లో మొదటిది అదే.

శుక్రవారం భోజనాలయ్యాక మెస్ హాల్లో టీవీకి ఫోను కలిపి వేశాం. దుమ్ముకు నవ్వారు. పప్పుకు గిన్నెలు వాయించారు, వంటవాడు అలిగి లేచిపోయాడు. నేను గాల్లో తేలుతున్నాను. అప్పుడు వార్తలు మొదలయ్యాయి.

"వినండప్పా, ఆఫీసు మాట. ఇంక మీదట చెమట సెలవు. లీటరు చెమటకు ఒక దినం. వచ్చే గురువారం పొద్దున ఆఫీసుకాడికి తేవాల. సీసా మూత గట్టిగా బిగించాల. పేరు, సివిల్ ఐడీ నంబరు రాయాల. నీళ్లు కలిపితే కట్. ఒకరి చెమట ఇంకొకరి సీసాలో పోస్తే ఇద్దరికీ కట్."

ఎవరూ నవ్వలేదు.

చూశావా, సటైరంటే ఇదీ అనుకున్నాను. గుండెల్లో దిగింది, అందుకే నవ్వు రాలేదు అనుకున్నాను. వెనక నుంచి ఎవరో అడిగారు, "అన్నా, ఇంగోసారి ఎయ్యి." ఇంకా పొంగిపోయి మళ్లీ వేశాను. ఈసారి ఇద్దరు రాసుకున్నారు.

ఓబులేసు నా దగ్గరికి వచ్చాడు. "రమణన్నా, అర లీటరుకు పూట ఇస్తారా?"

కెనడా వాళ్ల దగ్గర నేను నేర్చిన మొదటి పాఠం, జోకు చెప్పినవాడు బయటపడకూడదు. ముఖం బిగించి, "ఇస్తారు. కానీ మధ్యాహ్నం పూట మాత్రమే" అన్నాను.

"పెద్ద సీసా తేవచ్చునా?"

"మూత గట్టిగా ఉండాల."

"ఉంటాదిలే అన్నా" అని అతను నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు ఊపి వెళ్లాడు. ఎంత గొప్ప నటుడు, నన్ను మించినవాడు అనుకున్నాను. నా తెలివిని మీరే కొలవండి, నాకు సీసా దొరకలేదు.

తర్వాతి వారం నేను చూసిన విడ్డూరాలు ఇన్నీ అన్నీ కావు. జూలై నెల ఎండలో ఓబులేసు స్వెట్టరు వేసుకుని బస్సెక్కాడు. పని మధ్య విరామంలో మావాళ్లు ఏసీ గదికి పోవడం మానేసి రేకుల షెడ్డులో కూర్చున్నారు. చొక్కాలు విప్పి, ఇద్దరిద్దరు చెరో కొసా పట్టుకుని, గరాటు మీద పిండుతున్నారు. స్టోరులో గరాటులు నిండుకున్నాయి. మార్కరు పెన్నులు నిండుకున్నాయి. ఖాళీ సీసాల కోసం కొట్లాట జరిగింది.

"గరాటు ఎందుకప్పా?" అని ఒకణ్ణి అడిగాను.

"నీకు తెలీదా ఏందన్నా!" అని కన్ను గీటకుండా అన్నాడు.

నా ఆనందానికి హద్దు లేదు. క్యాంపు మొత్తం నాటకంలో దూకింది! ఊరంతా ఒక టీవీ స్టేషను అయింది! కెనడా వాళ్లకు కూడా ఇది చేతకాలేదు! బస్సు దిగుతూ మస్తానన్నతో ఇదే చెప్పాను. ఆయనేమీ పొంగలేదు.

"రమణా, వీళ్లు నన్ను సీసాల గురించి అడుగుతాండారు. నవ్వకుండా అడుగుతాండారు."

"నవ్వకూడదన్నా. అదే కదా కళ!"

"కాదురా. ఆ సుబ్బరాయుడున్నాడే, వానికి కళ యాడిది? వాడు నిన్న రెండుతూర్లు వచ్చి, మూత్రం కలిస్తే కట్ అవుతాదా అని అడిగినాడు."

"నువ్వేమన్నావు?"

"ఛీ పో అనినా."

"చూశావా, వాడు కూడా జోకు వేస్తున్నాడు!"

మస్తానన్న కళ్లద్దాలు తుడుచుకుని, బస్సెక్కి కూర్చున్నాడు.

గురువారం వచ్చింది. బస్సు షువైఖ్‌లో ఆగగానే నలభై ముగ్గురూ దిగి, యార్డు వైపు పోకుండా ఆఫీసు వైపు నడిచారు. చేతుల్లో సీసాలు. చాలా సీసాల్లో నాలుగు వేళ్లంత, ఆరు వేళ్లంత, పసుపుపచ్చని, మబ్బుగా ఉన్న ద్రవం. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నా బుర్రలో ఏదో తెగింది. వాళ్ల ముఖాలు చూశాను. నటుల ముఖాలు కావు. రేషను షాపు ముందు నిలబడేవాళ్ల ముఖాలు.

"మస్తానన్నా! వీళ్లు నిజమనుకున్నారు!"

"నేను సోమారం నించి చెప్తాండా గదరా!"

ఆపుదామని పరిగెత్తేలోపు అబూ సాలెం కారు వచ్చి ఆగింది. ఆయన దిగి, వరుసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"షిను హాదా? ఏమిటిది? మెడికలా?"

వరుసలో ముందున్న ఓబులేసు రెండు సీసాలూ సగం సీసా ఒకటీ చేతుల్లో ఎత్తి చూపించి, తనకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని చెప్పాడు. "సాబ్, పసీనా. రెండున్నర లీటరు. పది దినాల ఛుట్టీ. మిగతాది వచ్చినాక పోస్తా సాబ్."

అబూ సాలెం ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎవరు చెప్పారు?"

నలభై మూడు వేళ్లు మస్తానన్న వైపు తిరిగాయి. ఆయన ఒక్క మాట అన్నాడు. "అవును సాబ్. నేనే చదివినా."

ఇరవై ఏళ్ల సర్వీసు. ఆ బస్సు, ఆ గొంతు, ఇంకేమీ లేని మనిషి. నా పేరు ఆయన నోట రాలేదు. మధ్యలో పోయి నిలబడ్డాను.

"రాసింది నేను సార్. ఇది పేరడీ."

"ఆర్డరు ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్. ఇది నవ్వించడానికి."

అబూ సాలెం వరుస వైపు చూశాడు. "ఎవరూ నవ్వడం లేదే."

చేసేదేమీ లేక ఫోను తీసి ఆ వార్త చూపించి, మాట మాటకూ అర్థం చెప్పాను. ఆయన మస్తానన్న టై చూశాడు. సాక్సు మైకు చూశాడు. లీటరుకు ఒకరోజు అన్నచోట ఆపమన్నాడు.

"ముందు చెమట, తర్వాత సెలవు. ఇది నా మాట."

"అవును సార్."

"నేను రోజూ అనే మాట."

"అందుకే సార్, నమ్మారు."

నోట్లోంచి ఆ మాట వచ్చాక నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఆయన ఓబులేసు వైపు తిరిగాడు. "పది రోజులు ఎందుకు?"

ఓబులేసు ఫోను తీసి ఫోటో చూపించాడు. నడుము దాకా జడ, జడకు ఎర్ర రిబ్బను, కింద నిక్కరు, చేతిలో బొమ్మ ట్రాక్టరు.

"నీ కూతురా?"

"చెల్లెలి కొడుకు సాబ్. మగపిల్లోడు. నేను పోతేనే జుట్టు తీస్తారు."

అబూ సాలెం గడ్డం వణికింది. రిబ్బను వంక చూశాడు, సీసాల వంక చూశాడు. నవ్వును దగ్గుగా మార్చడానికి ఆయన చాలా కష్టపడ్డాడు. "ఖలాస్! యల్లా, పనికి!" అని అరిచి, నా వైపు వేలు చూపించాడు. "ఇక నుంచి బస్సులో డ్రైవరు మాట్లాడడు. వార్తలు రాసేవాడే చదవాలి."

వరుస కరిగింది. సీసాలు యార్డు కాలువలో ఒలికాయి. ఓబులేసు మాత్రం ఒలకబోయలేదు. నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు. "అయితే, మూత గట్టిగా బిగించమనిందీ తమాషానేనా అన్నా?"

తిట్టి ఉంటే బాగుండేది.

శనివారం ఆఫీసులో ఒక కాగితం నా చేతికిచ్చారు. ఓబులేసుకు పది రోజుల సెలవు మంజూరైంది. ఆదివారం మధ్యాహ్నం లోపల వచ్చి సంతకం పెట్టాలి, పెట్టకపోతే ఆ సెలవు రద్దు. ఆదివారం తెల్లవారుజామున నేను బస్సులో సీట్ల వైపు తిరిగి నిలబడ్డాను.

"వినండప్పా, ఆఫీసు మాట. మన ఓబులేసుకు పది రోజుల సెలవు ఇచ్చినారు!"

బస్సు పగిలిపోయేలా నవ్వారు. మెస్ హాల్లో నాకు కావలసిన నవ్వు, వడ్డీతో సహా వచ్చింది. వెనక సీట్లో ఒకడు కళ్లు తుడుచుకుంటున్నాడు.

"నిజమప్పా! ఒట్టు!"

"చాల్లే అన్నా" అన్నాడు ఓబులేసు. "ఈతూరి ఏం పట్టుకురావాల? కన్నీళ్లా? సీసా ఎంతది?"

"ఇదిగో కాగితం! చూడు, ముద్ర!"

"అట్టపెట్టెతో టీవీ చేసినోనివి, కాగితం చేయలేవా?"

"నీ కాళ్లు పట్టుకుంటా ఓబులేసూ. మధ్యాహ్నం లోపల సంతకం పెట్టకపోతే పోతుంది!"

కాళ్లు పట్టుకుంటాననేసరికి ఇంకా నవ్వారు. నేను చెమటలు కక్కుతున్నాను. ఎవరో సీసా కూడా అందించారు. దిక్కుతోచక మస్తానన్న వైపు తిరిగాను. ఆయన స్టీరింగు పట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"నాకు మాట్లాడే ఆర్డరు లేదప్పా."

"అన్నా!"

ఆయన అద్దంలో ఓబులేసును చూశాడు. ఇంజను ఆపాడు. లేచి, సీట్ల వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు. బస్సు మొత్తం నోరు మూసింది.

"వినండప్పా, ఆఫీసు మాట. సెలవు నిజం. చెమట అబద్ధం."

ఓబులేసు లేచి నిలబడ్డాడు. ఎక్కడికి పోవాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. పక్కవాడు స్వెట్టరు పట్టి లాగితే తప్ప కుదురుగా కూర్చోలేదు. అవును, ఆరోజు కూడా వేసుకునే ఉన్నాడు. ఏమో, ఎందుకైనా మంచిదని.

పది రోజులకు వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. మేనమామ ఒళ్లో నున్నటి గుండు, గంధం పూసిన గుండు, నోరంతా తెరిచి ఏడుస్తున్న గుండు. అబూ సాలెంకు చూపించాను. ఈసారి దగ్గలేదు, నవ్వేశాడు.

నా వార్తల ఉద్యోగం మరో నాలుగు రోజులు సాగింది. అగ్నిమాపక అభ్యాసం ఉందని చెప్పాను, ఒక్కడూ రాలేదు. బస్సు ముందుగా బయల్దేరుతుందని చెప్పాను, సగం బస్సు ఖాళీగా వెళ్లింది. అబూ సాలెం చివరికి తల పట్టుకుని, "ఆ ముసలాయన్నే చెప్పమను" అన్నాడు.

నిరుడు మస్తానన్న సెలవు మీద రాయచోటి వెళ్లాడు. రెండో వారంలో, తెల్లవారి నమాజు చేసుకుని వచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. వాళ్ల పెద్దబ్బాయి ఫోను నాకు చేశాడు. ఆ పొద్దు బస్సు తోలేది కొత్త డ్రైవరు. చెప్పాల్సింది నేనే. సీట్ల వైపు తిరిగి నిలబడ్డాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక, ఆయన మాటతోనే మొదలుపెట్టాను.

"వినండప్పా."

అంతే అన్నాను. వెనక ఇద్దరు అప్పుడే నవ్వేశారు. ఓబులేసు కూడా నవ్వుతూ, "ఈతూరి ఏం పట్టుకురావాలన్నా?" అన్నాడు. తర్వాత నా ముఖం చూశాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. మస్తానన్న ఉంటే, నా గదిలో టీవీ చూసినప్పటిలా ఆ ముక్క దగ్గర ఆపించి, "ఇంగోసారి ఎయ్యి రమణా" అని మూడు గదుల అవతలికి వినబడేటట్టు నవ్వేవాడు. ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు. అందుకే ఇది రాశాను.

కాబట్టి మహాజనులారా, నీలం దుప్పటి సాక్షిగా, ఇస్త్రీ బల్ల మీద చెయ్యి పెట్టి, నా పెళ్లినాటి టై కట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. అబద్ధం ఎరగని మనిషి గొంతులో ఇక ఈ జన్మలో జోకు పెట్టను. గరాటు ఎవరడిగినా ఎందుకని రెండుసార్లు కనుక్కుంటాను. ఇది పేరడీ కాదు, సటైరూ కాదు, నిజం. నమ్మకం కుదరకపోతే నన్నేం చేయమంటారు? నమ్మించగలిగిన మనిషి రాయచోటిలో పడుకుని ఉన్నాడు.